వంతెన తిన్నగా అయ్యేదాకా

పోయిన నెల జంషెడ్‌పూర్‌లో బిష్టుపూర్ బజారు నుంచి ఆటోలో ఇంటికి వస్తుంటే పెద్ద రోడ్డు మీద బళ్ళన్నీ ఆగిపోయాయి. ముందు ఒక జీపు, వెనక ఎర్రజెండాలు పట్టుకున్న మనుషులు, వాళ్ళ మధ్య బోలెడు చక్రాల ట్రాలీ మీద సిమెంటు గర్డరు ఒకటి, ఊళ్ళో ఎవరినీ లెక్కచేయకుండా మెల్లగా మలుపు తిరుగుతోంది. ఎక్కడో వంతెన వేస్తున్నారు కాబోలు. నేను ఆటోలోంచి తల బయటికి పెట్టి, మెడ వంచి, ఎడమ కన్ను మూసి, కుడి కంటితో దాని పొడుగునా చూశాను. నేను చూస్తున్న దిక్కునే ఇంకో ఆటో ఆగి ఉంది. అందులో డ్రైవరు కుర్రాడు అటు చూసి, ఇటు చూసి, వెనక్కి కూడా చూసి, ఇంకెవరూ లేరని తేల్చుకుని, "క్యా హువా మాతాజీ?" అన్నాడు. అరవై దాటిన మనిషిని, ముక్కు మీద కళ్ళజోడు, ఒళ్ళో కూరల సంచి. "నీకు కన్ను కొట్టలేదు నాయనా, గర్డరు వంకరగా ఉందా లేదా అని చూస్తున్నాను" అని ఏ భాషలో చెబితే నమ్ముతాడు? సంచిలో ఏదో వెతుక్కుంటున్నట్టు తల దించేసుకున్నాను. ఇల్లు చేరేదాకా నాకు నవ్వాగలేదు.

ఆ ఒంటికంటి చూపు నాది కాదు, మా నాన్నది. ఆయన పోయి చాలా కాలమైంది గానీ ఆ చూపు మాత్రం నా మెడకి అంటుకుని ఉండిపోయింది. నాకిష్టమైన మనిషికి నన్ను ఇస్తారా ఇవ్వరా అన్నది కూడా ఒకప్పుడు ఆ చూపు మీదే ఆగిపోయింది. దానికి కారణం, నమ్మండి నమ్మకపోండి, ఇలాంటిదే ఒక సిమెంటు గర్డరు. ఆ సంగతి చెప్పాలంటే ముందు మా అగ్రికో కాలనీ క్వార్టరులోకి రావాలి.

నాన్న ఉక్కు కంపెనీలో బార్ మిల్లులో పనిచేసేవాడు. ఎర్రగా కాలి వచ్చిన ఇనపకడ్డీ చల్లారేటప్పుడు ఎటో ఒక పక్కకి వంగుతుంది. నాన్న దాని కొసన నిలబడి, ఒక కన్ను మూసి పొడుగునా చూసి, చెయ్యి ముందుకి ఊపితే కడ్డీ ముందుకెళ్ళేది, వెనక్కి ఊపితే సాపు చేసే మిషనులోకి పోయేది. ఆయన ఉద్యోగమంతా ఆ ఊపే చేతిలోనూ ఆ మూసే కంటిలోనూ ఉండేది. డ్యూటీ దిగాక ఆ కన్నుని గేటు దగ్గర వదిలేసి రావాలని ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోగానే పెరట్లో బట్టలారేసే తీగ చూసేవాడు. మంచం పట్టె చూసేవాడు. కొత్త చీపురు కొంటే దాన్నీ చూసేవాడు. నేను జడ వేసుకుని వంటింట్లోకి వస్తే చాలు, "పైడీ, పాపిడి కుడికెళ్ళిపోనాది, మళ్ళీ దువ్వుకో" అనేవాడు. "మనిసి పాపిడది, రైలు పట్టా కాదు, ఒగ్గీ" అని అమ్మ లోపల్నించి అరిచేది. అలా అరిచిన అమ్మే పండగ రోజున బొట్టు పెట్టుకుని, నడిమధ్యకి వచ్చిందా లేదా అని ఆయన ముందుకెళ్ళి నిలబడేది. వీధిలో వాళ్ళు కూడా తక్కువ తినలేదు. తలుపు బిగించాలన్నా, పెళ్ళిపందిరి రాటలు నిలబెట్టాలన్నా నాన్నని పిలుచుకుపోయేవారు. ఆయన కన్ను మూస్తే వీధంతా ఊపిరి బిగబట్టి నిలబడేది.

సాయంత్రమయ్యేసరికి లైనంతా బొగ్గుల పొయ్యిలు ముట్టించేవారు. ఆ పొగ క్వార్టర్ల మధ్య నడుము లోతున నిలిచిపోయేది. అందులో ఒకింట్లోంచి ఎండుచేపల పులుసు, ఇంకో ఇంట్లోంచి ఆవనూనె తాలింపు కలిసి వచ్చేవి. మా గుమ్మం ముందు మాత్రం వాటన్నిటినీ మించి నాన్నమ్మ చుట్టకంపు. నాన్నమ్మది అడ్డపొగ. అంటే చుట్టని నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని తాగడం. మా సొంతూరు పాలకొండ పక్క ఆడవాళ్ళకి అది మామూలే గానీ, మా పక్కింటి బీహారీ పిల్లలకి మాత్రం ఆవిడ పెద్ద గారడీ. చుట్ట బయటికి తీసినప్పుడల్లా నిప్పు చూసి చప్పట్లు కొట్టేవారు. నాన్నమ్మ కూడా కావాలని రెండుసార్లు తీసి చూపించేది. తమ్ముడు వాళ్ళతో కలిసి హిందీలో తిరుగుతూ, ఆవిడ తెలుగులో అన్నానికి పిలిస్తే "ఆతా హూఁ" అని అరిచేవాడు. "ఈడు మనోడేనంతావా?" అని ఆవిడ అమ్మని అడిగేది.

ఆ ఇంటికి ఆదివారాలు భోజనానికి సూరిబాబు వచ్చేవాడు. అమ్మ వాళ్ళ ఊరి మనిషి, దూరపు చుట్టం. కద్మాలో గది తీసుకుని ఉండేవాడు. ఖర్కాయి నది అవతల ఒక కంట్రాక్టరు వంతెన గర్డర్లు పోసే యార్డు పెట్టాడు, అందులో సూపర్‌వైజరు. ఎంత కడుక్కున్నా ఆయన చెవుల వెనక సిమెంటు ఉండేది. మాట చెప్పకముందే నవ్వేసేవాడు, నవ్వేశాక చెప్పాల్సింది మర్చిపోయేవాడు. కాలేజీలో చదువుకుంటున్న నాకు అందులో అంత ఏం కనపడిందో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను గానీ, ఆదివారం పొద్దున్నే నా పాపిడి నాన్న చెప్పకుండానే తిన్నగా వచ్చేది. ఆ సంగతి ముందు కనిపెట్టింది అమ్మ. ఆ తర్వాత కొన్నాళ్ళకి సూరిబాబు వాళ్ళమ్మ పిల్లనడుగుతూ ఊరి నుంచి కబురు పంపింది.

నాన్న అన్నం కలుపుతున్నవాడల్లా ఆగిపోయాడు. "సీవంటోడికా?" అన్నాడు.

ఆ ఒక్క మాటలో మా ఊరంతా ఉంది. జంషెడ్‌పూర్‌లో పుట్టిన పిల్లకైనా తెలుసు, గట్టిది అంటే ఇనుము. సిమెంటు అంటే తాపీమేస్త్రీ బొచ్చెలో కలిపేది. వంతెన అంటే ఇనప దూలాలు, రివెట్లు, మీదుగా రైలు పోతుంటే ఊళ్ళోకి వినపడే చప్పుడు. ఇనుము ఇంత దొరికే ఊళ్ళో కూర్చుని మట్టితో వంతెన కట్టేవాడికి పిల్లనిస్తే రేపు మిల్లులో ఎవరికి మొహం చూపించాలని నాన్న బాధ. అమ్మ నచ్చజెప్పింది. కుర్రాడు మంచివాడంది, తాగుడు లేదంది. నాన్న చివరికి తన పద్ధతి చెప్పాడు. "ఇంటికాడ సూత్తే ఏటి తెలుత్తాది? ఇస్త్రీ సొక్కా ఏసుకుని అందరూ బుద్ధిగానే కూకుంతారు. మనిసిని పనికాడ సూడాల. ఎల్లి సూసొత్తాను." అంతకుముందు నాకొచ్చిన ఒక సంబంధాన్ని ఆయన అలాగే చూసొచ్చాడు. ఆ అబ్బాయి ఆఫీసు బల్ల మీద తలపెట్టి నిద్రపోతూ దొరికాడు.

ఎప్పుడూ ఒక్కడే వెళ్ళేవాడు. ఈసారి నాన్నమ్మ నేనూ వస్తానని చీర మార్చుకుని కూర్చుంది. ఆవిడ్ని చెయ్యి పట్టుకుని బస్సెక్కించడానికి ఒకరు కావాలి కదా అని అమ్మ నన్ను తోసింది. ఆ తోయడంలో అమ్మ తెలివి నాకు తర్వాత అర్థమైంది. ముందు ఆదివారం మంచినీళ్ళు అందిస్తూ నేను సూరిబాబుకి ఒకే ఒక్క ముక్క చెప్పాను. "మా నాన్న ఏటన్నా అవునను. ఏది అడిగినా సరే అను. కాదనకు." ఆయన నవ్వేసి, "సరే" అన్నాడు. అప్పుడే పాఠం మొదలుపెట్టేశాడని ముచ్చటపడ్డాను.

యార్డు గేటు దగ్గర గార్డు ఆపాడు. లోపల డీజిలు పీపాలున్నాయి, నిప్పు తీసుకెళ్ళకూడదు. నాన్న జేబులోంచి అగ్గిపెట్టె తీసి ఇచ్చేశాడు. "బీడీ మాచిస్ హై క్యా, మాయీ?" అని గార్డు నాన్నమ్మని అడిగాడు. నాన్నమ్మ నోరు విప్పకుండా, మహా గంభీరంగా, లేదని తల అడ్డంగా ఊపింది. మరుక్షణం ఆవిడ ముక్కులోంచి సన్నగా పొగ బయటికొచ్చింది. గార్డు ఆవిడ ఖాళీ చేతులు చూశాడు, మూసిన నోరు చూశాడు, మళ్ళీ ముక్కు చూశాడు. ఏమనుకున్నాడో ఏమో, రెండు చేతులూ జోడించి దారి వదిలాడు. నాలుగడుగులు వేశాక నాన్న చూసి, బుగ్గలో దాచిన చుట్టపీక తీయించి, నీళ్ళ తొట్టెలో ఆర్పించాడు.

లోపల గర్డర్లు వరసగా పడుకుని ఉన్నాయి. ఒక్కోటి మా క్వార్టర్ల లైను సగం పొడుగుంది. కొన్నిటికి ఇంకా అచ్చు రేకులు బిగించి ఉన్నాయి. కొన్నిటికి చువ్వల గూడు మాత్రమే కట్టి ఉంది, ఇంకా కాంక్రీటు పోయలేదు. ఒకదానికి ఆపాదమస్తకం తడి గోనెపట్టాలు కప్పి, ఇద్దరు ఆదివాసీ ఆడవాళ్ళు డబ్బాలతో నీళ్ళు పోస్తున్నారు. నాన్నమ్మ తిన్నగా దాని దగ్గరికెళ్ళి, పట్టా ఎత్తి, అరచెయ్యి పెట్టి చూసింది.

"ఓలమ్మా! దీనికి జొరం. ఒళ్ళు కాలిపోతంది."

"మొన్ననే పోసినాం మామ్మా" అన్నాడు సూరిబాబు. "నోపల ఏడి పుడతాది. ఆరిపోతే బీటలిచ్చేత్తాది, అందుకే తడుపుతాం."

"జొరం కాదా మరి?"

నేను సూరిబాబు వైపు చూశాను. "జొరవే మామ్మా" అన్నాడు.

ఇక ఆవిడకి మేమెవరం అక్కర్లేకపోయింది. ఆ ఇద్దరాడవాళ్ళనీ వెంటపెట్టుకుని గర్డరు చుట్టూ తిరుగుతూ, ఇక్కడ పట్టా ఆరిపోయింది, ఇక్కడ కొస తేలింది అని మా పాలకొండ తెలుగులో చెబుతోంది. వాళ్ళు వాళ్ళ భాషలో ఏదో అని నవ్వుతూ అక్కడే పోస్తున్నారు. ఒకరి మాట ఒకరికి ముక్క తెలియదు, పని మాత్రం ఎక్కడా ఆగలేదు.

నాన్న చేతులు వెనక్కి కట్టుకుని, సినిమాలో పోలీసు ఆఫీసర్లా నడిచాడు. ఆ రోజు గట్టిపడిన గర్డరు ఒకదానికి తీగలు లాగుతున్నారు. కాంక్రీటు పోసేటప్పుడే గర్డరు కడుపులో పొడుగునా గొట్టాలు వదులుతారట. గట్టిపడ్డాక వాటిలోంచి ఉక్కు తీగల కట్టలు దూర్చి, కొసన జాక్ పెట్టి బలంగా లాగి, అక్కడే బిగించేస్తారట. సూరిబాబు చెబుతుంటే నాన్న మొహం మెల్లగా విప్పారింది.

"అంటే, నోపలున్నది మా ఇనవేనా?"

"అవును."

"అయితే ఈ సీవంటంతా దానికి సొక్కా."

"అవును."

"సొక్కా నేకపోతే ఇనుం బతుకుతాది. ఇనుం నేకపోతే సొక్కా నిలబడదు."

సూరిబాబు కాదనబోయి ఆగాడు. నన్ను చూశాడు. "అవును" అన్నాడు. నేను మనసులోనే పెళ్ళిచీర రంగు ఎంచుకోవడం మొదలుపెట్టాను.

జాక్ పని మొదలైంది. జాక్ వెనక నేల మీద ఎర్రగుడ్డ కట్టిన కర్రలు పాతారు. లాగేటప్పుడు తీగ తెగితే వెనక్కి బాణంలా వస్తుంది, అక్కడ కాకి కూడా ఉండకూడదు. సూరిబాబు మమ్మల్ని పక్కన దూరంగా నిలబెట్టి ఈ సంగతి చెప్పాడు. నాన్న తల ఊపాడు. ఎర్రగుడ్డ అంటే ఏమిటో ఆయనకి ఒకరు చెప్పాలా? కానీ పొడుగాటి వస్తువేదైనా కంటపడితే దాని కొసకి వెళ్ళి నిలబడడం ఆయన ఒంట్లో ఉంది. కొస నుంచి చూస్తే తప్ప తిన్నగా ఉందో లేదో తెలియదు కదా. నేను సూరిబాబునే చూస్తున్నాను. ఆయన కాళ్ళు ఆయనకి చెప్పకుండానే బయల్దేరాయి. నేను తిరిగి చూసేసరికి ఎర్రగుడ్డ దాటి, సరిగ్గా జాక్ వెనక, మెడ వంచి, ఒక కన్ను మూసుకుని నిలబడి ఉన్నాడు.

"హటో! హటో!" అంటూ సూరిబాబు పరిగెత్తాడు. వెనకనుంచి నాన్న చొక్కా పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. ఇద్దరూ కలిసి తడి గోనెల కుప్ప మీద పడ్డారు. నాన్న చెప్పు ఒకటి అక్కడే ఉండిపోయింది. పని ఆగిపోయింది. సూరిబాబు లేచి, నాన్న మొహంలో మొహం పెట్టి, "సావాలనుందేటి నీకు? ఎర్రగుడ్డ కనపడ్డం నేదా? కళ్ళెక్కడెట్టుకున్నావ్?" అని అరిచాడు. మీకు కాదు, నీకు! కాబోయే మామగారిని, కూలీలందరి ముందూ, చొక్కా పట్టుకుని, నువ్వు అని! కళ్ళెక్కడ పెట్టుకున్నావని మా నాన్నని అడిగిన మొదటి మనిషి ఈ భూమ్మీద ఆయనే. పెళ్ళిచీర రంగు వెలిసిపోయింది. నాకు ఏడుపొచ్చేసింది.

నాన్న నిదానంగా లేచాడు. పంట్లాం దులుపుకున్నాడు. చెప్పు తెచ్చివ్వమని సైగ చేస్తే ఒకడు పక్కనుంచి వెళ్ళి కర్రతో లాగి తెచ్చాడు. చెప్పు తొడుక్కుని, "మిల్లులో ఎవుడన్నా లైనుకడ్డొత్తే నాను ముందు సెంప మీద కొట్టి, తర్వాత మాటాడతాను" అన్నాడు. "నువ్వు సొక్కా పట్టుకుని ఒగ్గేసినావు. కానీ, పని కానీ."

నా ప్రాణం కుదుటపడింది. నాన్నలో నాకిప్పటికీ ఇష్టమైంది అదే. కోపం రావలసిన చోట ఆయనకి కోపం వచ్చేది కాదు. రాకూడని చోట వచ్చి కూర్చునేది. అది ఎంత నిజమో ఇంకో గంటలోనే తెలిసింది.

తీగలు బిగించడం అయ్యాక నాన్నమ్మ వంగి చూసి, "కిందనుంచి ఎలుగొత్తంది సూడు" అంది. నిజమే. అంతవరకూ నేలకి అతుక్కుని ఉన్న గర్డరు నడిమధ్యన వేలు దూరేంత పైకి లేచింది. ఇప్పుడు కొసకి వెళ్ళొచ్చని సూరిబాబు చెప్పాడు. నాన్న వెళ్ళాడు, కన్ను మూశాడు. తెరిచి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ మూశాడు. రెండో కొసకి వెళ్ళి అక్కణ్నించీ చూశాడు. నన్ను పిలిచి చూడమన్నాడు. నేనూ చూశాను. గర్డరు వీపు మధ్యలో మెల్లగా పైకి ఉబ్బి ఉంది.

"వొంకర" అన్నాడు నాన్న. ఆ మాటలో ఎంత సంతోషమో!

నేను నాన్న వెనక నిలబడి, అవునను, అవునను అని సూరిబాబుకి కళ్ళతో, తలతో, కొంగుతో సైగలు చేశాను. ఆయన నా సైగలు చూసి, "వొంకరే" అన్నాడు. హమ్మయ్య అనుకునేలోపల ఇంకో మాట కూడా అన్నాడు. "కావాలనే వొంకర సేసినాం."

పాయసంలో కావాలనే ఉప్పు వేశామని చెప్పినట్టు చూశాడు నాన్న. "కావాలని వొంకర సేత్తారేటి ఎవులైనా? జీతమిచ్చి?"

"పైన రోడ్డు పోత్తాం, లారీలు ఎల్తాయి. ఆ బరువుకి కిందకి దిగుతాది. ఇప్పుడు తిన్నగా సేత్తే అప్పుడు కిందకి వొంగిపోతాది. ఇప్పుడు పైకి లేపితే అప్పుడు తిన్నగా అవుతాది."

"అయిపోతాదా?"

"అయిపోతాది."

"నువ్వు సూసినావా?"

సూరిబాబు చెవి వెనక గోక్కున్నాడు. "నాకిది మొదటి వంతెన" అన్నాడు. "ఇంజినీర్లు సెప్తారు."

నాన్న ఇరుకున పడ్డాడు. వంకరని ఎక్కడ చూసినా మిషనులోకి వెనక్కి తోయడమే ఆయన జీవితమంతా చేసిన పని. రేపు తిన్నగా అవుతుందని చెప్పి ఇవాళ వంకర చేసేవాడి చేతిలో కూతుర్ని పెట్టడం ఆయనకి కుదిరే సంగతి కాదు. పోనీ, అబద్ధమని కొట్టిపారేద్దామంటే కుర్రాడు తన చొక్కా పట్టుకున్నాడు, పనికాడ మనిషి గట్టివాడే. చివరికి టీ తాగుతూ తీర్పు చెప్పాడు. "మరైతే దీన్ని వంతెన మీదకి ఎక్కించండి. అది తిన్నగా అయినాక పెళ్ళి మాట మాటాడుకుందాం."

"సరే" అన్నాడు సూరిబాబు.

ఏది అడిగినా సరే అనమని చెప్పింది నేనే. కాదనాల్సిన ఒక్కగానొక్క చోట ఆ మనిషి నా మాట తు.చ. తప్పకుండా విన్నాడు! బస్సులో తిరిగొస్తూ గర్డరుకి పోసిన నీళ్ళన్నీ ఆయన నెత్తిన పోయాలనిపించింది.

ఆ వంతెన చైబాసా వెళ్ళే దారిలో ఒక ఏటి మీద రావాలి. నెలల్లో అయిపోతుందనుకున్నాం. ఆ రోజుల్లో సిమెంటు పర్మిట్టు మీద దొరికేది, అంటే దొరికేది కాదు. సిమెంటు వచ్చిన నెల వానలొచ్చాయి. వానలు ఆగాక గర్డర్లు ఎత్తే క్రేను ఇంకెక్కడో ఇరుక్కుపోయింది. నా పెళ్ళి సంగతి లైనంతా తెలిసిపోయి, నల్లా దగ్గర బిందె పెట్టిన ప్రతి ఆవిడా "వంతెనెంతవరకొచ్చిందే?" అని అడిగేది. పక్కింటి బీహారీ ఆంటీ అయితే "పుల్ బనా?" అని గోడ మీదనుంచే. నాన్నమ్మ మాత్రం దాని జ్వరం తగ్గిందా లేదా అని అడిగేది. సూరిబాబు ఆదివారం భోజనానికి వస్తూనే ఉన్నాడు. అంతకుముందు అమ్మతో ఊరి కబుర్లు చెప్పేవాడల్లా ఇప్పుడు పీట మీద కూర్చుని రేడియో వార్తల్లా, స్తంభం ఎంత లేచింది, ఎన్నో గర్డరు ఎక్కించారు అని నాన్నకి చెప్పేవాడు. నాన్న వింటూ ముద్ద మింగేవాడు. ఆ వంటింట్లో పెళ్ళికూతురిగా కూర్చోవలసింది నేనా వంతెనా అన్నది ఎవరికీ తోచినట్టు లేదు. మధ్యలో ఖరగ్‌పూర్ నుంచి రైల్వే సంబంధం ఒకటి వచ్చింది. నాన్న దాన్ని ఔననలేదు, కాదనలేదు. "ఉండనీ, ముందిదేటవుతాదో సూద్దాం" అన్నాడు. ఆ మాటకి నేను రాత్రంతా మంచం మీద దొర్లాను. వంతెన తిన్నగా కాకపోతే నన్ను ఖరగ్‌పూర్ పంపేస్తారు. అంతకన్నా తేటగా నాకేమీ తెలియదు.

మరి అప్పుడైనా నోరు తెరిచి నాకు సూరిబాబు కావాలని ఎందుకు చెప్పలేదంటే, మా ఇంట్లో అలాంటి మాటకి చోటు లేదు. చారులో ఉప్పు చాలలేదని, షిఫ్టు మారిందని, మంచం పట్టె వంగిందని పొద్దున్నించి రాత్రిదాకా గట్టిగా మాట్లాడుకునేవాళ్ళం. ఎవరికి ఎవరు ఇష్టమో మాత్రం పాపిడి చూసి తెలుసుకోవలసిందే. మొన్న మా మనవరాలు అన్నం తింటూ, ఫోన్ చూసుకుంటూ, హిందీలో, ఫలానావాణ్ణి చేసుకుంటానంది. వాళ్ళ నాన్న "ఠీక్ హై, పప్పు ఇలా ఇయ్యి" అన్నాడు. అంతే, అయిపోయింది. నాకు ఒళ్ళు మండింది. ఇంత సుళువైన సంగతికి నేను సిమెంటు పర్మిట్ల కోసం హిందీ పేపరు చదివానా అని. ఆ రోజులే బాగుండేవని నేను అనను. ఆ బొగ్గుపొగ నా ఊపిరితిత్తుల్లో ఇంకా ఉంది. కానీ ఒక మనిషిని అంతకాలం, వారం వారం, పీట మీద ఎదురుగా చూస్తూ ఎదురుచూడడం ఎలా ఉంటుందో ఈ పిల్లకి తెలియదు కదా అని కొంచెం జాలి కూడా వేసింది. జాలో, అసూయో.

చివరికి వంతెన మీద లారీలు నడుస్తున్నాయని సూరిబాబు చెప్పిన వారమే బయల్దేరాం. నాన్న, నాన్నమ్మ, నేను. సూరిబాబు అక్కడ ఉతికిన చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. చెవుల వెనక ఎప్పటిలాగే సిమెంటు. నాన్న ఎవరితోనూ మాట్లాడలేదు. ఏటి గట్టు దిగి, గర్డరు అడుగంచు కంటికి ఎదురయ్యే చోట బండల మీద గొంతుక్కూర్చుని, ఖనిజం నింపుకున్న లారీలు రెండు మూడు పైనుంచి పోయేదాకా ఆగాడు. అప్పుడు కన్ను మూశాడు. నేను ఆయన వీపు చూస్తూ నిలబడ్డాను. ఏటి నీళ్ళలోంచి మోకాలు లోతున నడిచి అవతలి గట్టుకి వెళ్ళి, అక్కణ్నించీ చూసి, మళ్ళీ నడిచి వచ్చాడు.

"దిగింది" అన్నాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను. "శానా దిగింది. కానీ ఇంకా ఉంది. రవ్వంత."

సూరిబాబు కూడా వంగి, కన్ను మూసి చూశాడు. నాకు తెలుసు, ఈ ఒక్కసారికి లేదంటే అయిపోతుంది. ఆ రవ్వంత ప్రపంచంలో మా నాన్నకి తప్ప ఇంకెవరికీ కనపడదు. సూరిబాబు లేచి నిలబడి, "అవును, ఉంది" అన్నాడు.

"అయిపోతాదన్నావు."

"అన్నాను. ఇంకెంత దిగుతాదో, ఎన్నాళ్ళు పడతాదో నాకు తెల్దు."

"అయితే మరి కొన్నాళ్ళు సూడాల" అన్నాడు నాన్న పంట్లాం మడత విప్పుకుంటూ.

ఆ మాట విన్నాక నోరు తెరిచింది నేనేనా అని నాకిప్పటికీ అనుమానమే. "నాన్నా, ఆ వంతెన సచ్చేదాకా వొంకరగానే ఉండనీ! నాకీ మనిసి కావాల. ఖరగ్‌పూరు ఎల్లను. ఎక్కడికీ ఎల్లను. నాకీ మనిసే కావాల." ఏటి గట్టున బట్టలుతుకుతున్నవాళ్ళు కూడా ఇటు తిరిగారు. సూరిబాబు నేల చూపులు చూస్తున్నాడు. నాన్నమ్మ నోట్లోంచి చుట్ట తీసింది.

నాన్న బండ మీద కూలబడ్డాడు. కొట్టడానికి లేస్తాడేమోనని చూశాను. ఆయన మొహంలో కోపం లేదు. చాలా దూరం మోసుకొచ్చిన మూటని దింపుకున్నవాడిలా ఉన్నాడు.

"ఈ ముక్క సెప్పడానికి ఇన్నాళ్ళా పైడీ?"

"నువ్వు అడిగినావేటి?"

"ఎలాగడుగుతానే?" అన్నాడు. "కూతుర్ని కూకోబెట్టి, నీకీడు కావాలా అని ఎలాగడగాలో నాకు తెల్డం నేదు. మీ అమ్మని నాను అడగనేదు. మా అమ్మని మా బాబు అడగనేదు. అడగడం సేతకాక, ఇన్నాళ్ళూ వంతెన్నడుగుతున్నాను."

"మీ బాబు అడిగుంటే వద్దనీదాన్నిరా" అంది నాన్నమ్మ.

ముందు నవ్వింది నాన్నే. బండ మీద కూర్చునే నవ్వి, నవ్వి, కళ్ళు తుడుచుకుని, లేవడానికి చెయ్యందివ్వమని సూరిబాబు వైపు చాపాడు.